ఇసకమెరక అరచేతుల తల్లి

సమయం ఉదయం ఏడు గంటలు. వాన వెలిసింది. గాలి ఇంకా పూర్తిగా పడలేదు. సముద్రం వైపు మబ్బుంది.

ఇసకమెరకకు వచ్చే భక్తుల కోసం ఈ నాలుగు మాటలు. మొన్నటి తుఫానుకు గుడిలోని పాత పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఈ ఏడు గుడి చూసుకునే వంతు మా ఇంటిది గనుక నన్ను మళ్ళీ రాయమన్నారు. రోడ్డు ఈరోజు తెరుస్తారట. తుఫాను షెల్టరుకు వెళ్ళినవాళ్ళను బస్సులో తెచ్చి ఇక్కడే, గుడి ముందే దించుతారట. వాళ్ళలో మా ఇంటివాళ్ళు నలుగురున్నారు. అందుకని ఇంటికి పోకుండా ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

గుడి ఊరికి ఉత్తరాన ఇసక దిబ్బ మీద ఉంది. చుట్టూ మొగలి పొదలు, అవతల సరుగుడు తోట. గాలికి పైరేకులు రెండు లేచిపోయాయి గాని, తల్లికి ఏమీ కాలేదు. కొత్తగా వచ్చినవారు లోపలికి చూసి విగ్రహమేదని అడుగుతారు. ఇక్కడ విగ్రహం లేదు. గోడ ఉంది. నిలువెత్తు మట్టిగోడ, నాలుగు మూరల వెడల్పు. రెండు పక్కలా విరిగినట్టు ఉంటుంది. నడుమ ఒక పసుపుపచ్చ అరచెయ్యి, ఆ అరచేతిలో చిన్న ఎర్ర అరచెయ్యి. అదే అమ్మవారు. మిగిలిన చేతులు చాలావరకు తరవాత వచ్చినవి.

పూర్వం ఇక్కడ దొరల పాలన ఉండేది. ఊరికి రెండు కోసుల దూరంలో దొరగారి ఉప్పు కొటారు ఉండేది. ఉప్పుమడుల్లో దిగి పని చేయడానికి ఎవరూ ఇష్టపడేవారు కారు. పాదాలు పగిలేవి, కళ్ళు మండిపోయేవి. అందువల్ల కొటారు మనుషులు ఏటా ఎండలు ముదిరే ముందు ఊళ్ళ మీదికి వచ్చి, ఎవరికీ కాని మనుషులను తోలుకుపోయేవారు. ఊరు మునిగి వచ్చినవాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు, తల్లిదండ్రులు లేని పిల్లలు. వాళ్ళను అడిగేవారుండరు గదా.

ఎవరు ఎవరికి చెందుతారో తెలియడానికి ఒక కట్టు ఉండేది. ఉగాదికి ముందు వచ్చే కొత్తమావాస్యనాడు ప్రతి ఇంటి ముందుగోడ అలికి, ఆ ఇంట్లో ఉండేవాళ్ళందరూ పసుపులో చెయ్యి ముంచి గోడ మీద వెయ్యాలి. మనిషికి ఒక్కటే గుర్తు. ఇంటి ఇల్లాలు తన చేత్తో పసుపు కలిపి ఇస్తే పైవాళ్ళు కూడా వెయ్యవచ్చు. గోడ మీద చెయ్యి ఉన్న మనిషిని ముట్టరాదని దొరగారి ఆజ్ఞ. లేని మనిషిని తీసుకుపోతే అడగరాదని కూడా అదే ఆజ్ఞ.

ఆ రోజుల్లో ఇసకమెరకలో అచ్చియ్యమ్మ అనే ఇల్లాలు ఉండేది. భర్త ఓడ ఎక్కి వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు. పేరు ముత్యాలు, ఆరేళ్ళది. ఒక కార్తికంలో సముద్రం పొంగి దక్షిణాన ఒక పల్లెను మింగేసింది. అక్కణ్ణించి దాలమ్మ అనే ఆమె ఇద్దరు పిల్లలతో నడిచి వచ్చింది. పెద్దది లచ్చుము, ఎనిమిదేళ్ళది. చిన్నవాడు సన్యాసి, చంకలో పిల్లవాడు. నాలుగు గడపల వాళ్ళు పొమ్మన్నాక అయిదో గడప అచ్చియ్యమ్మది. ఆమె వాళ్ళను చూసి, ఏమీ అడగకుండా అంబలి పోసింది. వసారాలో చాప వేసింది. అచ్చియ్యమ్మ చెడ్డది కాదని ముందే చెప్పాలి. ఆ చాప వేసింది ఆమే.

దాలమ్మ పనిమంతురాలు. దంపేది, చెరిగేది, నీళ్ళు మోసేది. పని చేస్తూ సన్నగా పాడేది. ముత్యాలు ఆ పాటకు పోయి రోటి దగ్గర కూర్చునేది. తల్లి పెడితే సగం వదిలే పిల్ల, దాలమ్మ పక్కన కూర్చుంటే రెండు ముంతల అంబలి తాగేది. మొదట దాలమ్మను చిన్నమ్మా అనేది. తరవాత పుష్యమాసానికి అమ్మా అనసాగింది. రోజులో ఎన్నిసార్లు అందో అచ్చియ్యమ్మకు తెలుసు.

దాలమ్మ పిల్లకు తల దువ్వి జడ వేస్తే, అచ్చియ్యమ్మ ఆ జడ విప్పి మళ్ళీ వేసేది. బిగించి వేసేది. పిల్ల ఏడ్చేది. అది చూసి దాలమ్మ దువ్వెన పట్టడం మానేసింది. ముత్యాలు వచ్చి ముందు కూర్చుంటే, అచ్చియ్యమ్మను అక్క వరసన పిలిచి, "అప్పా, నువ్వే దువ్వు. నా చేతినిండా పనుంది" అని లేచిపోయింది.

తన కూతుర్ని తనకు దానమిస్తోందని అనిపించింది అచ్చియ్యమ్మకు.

కొత్తమావాస్య వచ్చింది. అచ్చియ్యమ్మ గోడ అలికింది. ఎదురింటి రాములమ్మ చూస్తోంది గనుక పసుపు కూడా తానే కలిపి ఇచ్చింది. తన చెయ్యి తలుపుకు ఎడమవైపు వేసింది. దాలమ్మ కుడివైపు, కొంచెం ఎడంగా వేసింది. లచ్చుము పక్కన వేసింది. సన్యాసి చెయ్యి పట్టుకుని కింది మూలగా వేయించారు. ముత్యాలును తన గుర్తు పక్కన వెయ్యమని తల్లి పిలిచింది. ఆ పిల్ల వెళ్ళి సున్నపు ముంతలో చెయ్యి ముంచుకుని వచ్చి, దాలమ్మ వేసిన పచ్చి గుర్తు నడుమ పెట్టి అద్దింది. పసుపు మీద సున్నం పడి ఎర్రబారింది. పెద్ద పసుపు చేతిలో చిన్న ఎర్ర చెయ్యి. వీధిలో వాళ్ళంతా చూసి, చాలా బాగుందని నవ్వారు. రాములమ్మ మాత్రం, "అచ్చియ్యమ్మా, నీ చెయ్యి ఒంటిదైపోయిందే" అంది.

మర్నాడు తెల్లవారగానే అచ్చియ్యమ్మ పేడ కలిపి, తలుపుకు కుడివైపు గోడంతా మళ్ళీ అలికేసింది.

కొటారు మనుషులు వచ్చే రోజులని ఆమెకు గుర్తుందా, లేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. తెలియక అలికిందని కొందరంటారు. మా అత్తగారు తెలిసే అనేవారు. కాని ఒకటి మాత్రం ఆమెకు నిజంగా తట్టలేదు. కోపమంతా దాలమ్మ చెయ్యి మీదే ఉంది. ఆ చెయ్యి చెరిపితే అందులో ఉన్న చెయ్యి కూడా పోతుందని ఆలోచించలేదు.

మూడోనాడు అచ్చియ్యమ్మ చేలో చోడి నూర్పుకు వెళ్ళింది. పొద్దు వాలుతుండగా వచ్చేసరికి వసారా ఖాళీగా ఉంది. చాప చుట్టి లేదు, రోట్లో ధాన్యం అలాగే ఉంది. ఆమెకు సంగతి అర్థమైంది. గుండెలో ఒక మూల చల్లబడిందట. ఇక ఇల్లు తనదీ తన కూతురిదీ అనుకుందట. తరవాత ముత్యాలును పిలిచింది. మళ్ళీ పిలిచింది.

జవాబు ఎదురింటి నుంచి వచ్చింది. పిల్ల ఈ ఇంటిదేనని తాను మొత్తుకున్నానని, కొటారు మేస్త్రీ గోడ వైపు చెయ్యి చూపించాడని రాములమ్మ చెప్పింది. ఈ ఇంటికి ఒక్క చెయ్యే ఉంది, ఇద్దరెలా అవుతారు అన్నాడట. పిల్ల దాలమ్మ కొంగు పట్టుకుని ఉంది గనుక దాలమ్మకు ముగ్గురు పిల్లలని లెక్క వేసుకున్నాడట.

మర్నాడు పొద్దున్నే అచ్చియ్యమ్మ కొటారుకు నడిచి వెళ్ళింది. గట్టు మీద నిలబడి చూస్తే మడిలో ముత్యాలు కనిపించింది. మోకాళ్ళ దాకా ఉప్పునీరు. తల్లిని చూసి ఏడ్చింది. ఏడుస్తూనే దాలమ్మ కొంగు వదల్లేదు. ఆ దుఃఖంలో కూడా అచ్చియ్యమ్మ చూపు ముందు ఆ కొంగు మీదికే పోయింది.

మేస్త్రీ ఆమె చెప్పిందంతా విన్నాడు. గోడ మీద లేని పిల్లను ఇవ్వడం తన చేతిలో లేదన్నాడు. కన్నతల్లినని ఆమె అంటే, కన్నట్టు గోడ చెప్పాలన్నాడు.

"ఉంటే ఆ గోడ పట్టుకురా, చూస్తాను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఇంటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అచ్చియ్యమ్మ అలికిన గోడకు చేరగిలి కూర్చుంది. ఎండకు కళ్ళు మూతపడ్డాయి. ఆ కునుకులో ఒక స్త్రీ కనిపించింది. గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ముఖం కనిపించలేదు. చేతులు మోచేతుల దాకా పసుపు.

ఎవరి చెయ్యి చెరిపావు అని ఆ స్త్రీ అడిగింది. దానిది అంది అచ్చియ్యమ్మ. ఎవరి చెయ్యి పోయింది అని అడిగింది. నా కూతురిది అంది.

"అయితే ఇప్పుడు ఎవరిది తీస్తావు?"

అచ్చియ్యమ్మకు మెలకువ వచ్చింది. వీపు వెనక గోడ వెచ్చగా ఉంది.

ఆమె నీళ్ళు తెచ్చుకుని, తడిచేత్తో పేడపొర రుద్దడం మొదలుపెట్టింది. తన కూతురి చెయ్యి మేరకే తీయాలనుకుంది. ఎర్రగుర్తు కొంచెం కొంచెంగా బయటపడింది. దాని చుట్టూ పసుపు వేళ్ళు కూడా వచ్చాయి. ఆ వేళ్ళ మీద మట్టి తీసి మళ్ళీ పూసింది. అప్పుడు ఎర్రటి మరక ఒక్కటే మిగిలింది. అది పిల్ల చెయ్యిలా లేదు, ఎక్కడో తగిలిన దెబ్బలా ఉంది. చూడలేకపోయింది. మళ్ళీ తడిచేత్తో అంతా తుడిచింది. పసుపు చెయ్యి పూర్తిగా వచ్చింది. అందులో ముత్యాలు చెయ్యి వచ్చింది. పక్కన లచ్చుముది కూడా తీసింది.

కింది మూల సన్యాసి గుర్తు మీద చెయ్యి ఆగింది. దాన్ని తీయలేదు. ఒక్కటైనా తన మాట నెగ్గాలని ఆమె పట్టుదల. అసూయ అంత తొందరగా వదలదు. ఈ సంగతి దాచి చెప్పే కథ తల్లికి ఇష్టం ఉండదని పెద్దలు అనేవారు. అందుకే రాస్తున్నాను.

తరవాత గునపం తీసుకుని గోడను నాలుగు మూరల వెడల్పున రెండు పక్కలా కొట్టింది. ఆ చప్పుడుకు వీధి వీధంతా వచ్చింది. తలుపు ఊడదీసి గోడముక్కను దాని మీద పడుకోబెట్టారు. ఎత్తడానికి ఆరుగురు ఆడవాళ్ళు కావలసి వచ్చారు. మొదట భుజం పెట్టింది రాములమ్మే.

"కూతురి జడ ఓర్చుకోలేనిదానివి, గోడ మోస్తావేటి?" అంది.

అచ్చియ్యమ్మ ముందువైపు పట్టుకుంది.

మర్నాడు ఎండ ఎక్కే వేళకు కొటారు చేరారు. ఉప్పు ఎత్తుతున్నవాళ్ళంతా పని ఆపి చూశారు. గోడ నడిచి రావడం ఎవరూ చూసినది కాదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ గోడను నిలబెట్టించి, తోలుకొచ్చిన నలుగురినీ పిలిపించాడు. దాలమ్మ అరచెయ్యి పసుపు గుర్తు మీద పెట్టించాడు. సరిపోయింది. ముత్యాలు చెయ్యి ఎర్రగుర్తులో పెట్టించాడు. సరిపోయింది. లచ్చుముది సరిపోయింది. చంటివాడి చెయ్యి పట్టుకుని గోడంతా వెతికాడు.

"ముగ్గురు పోవచ్చు. ఈడికి చెయ్యి లేదు" అన్నాడు.

దాలమ్మకు గోడ మీద చేతులు వేసిన రోజు గుర్తుంది. కింది మూల ఎవరు అలికారో ఆమెకు తెలుసు. అచ్చియ్యమ్మ ముఖంలోకి ఒకసారి చూసింది. తన కొంగు నుంచి ముత్యాలు వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది. ఆ చెయ్యి తీసుకెళ్ళి తల్లి చేతిలో పెట్టింది. లచ్చుమును కూడా ఆ వైపే నెట్టింది.

"అప్పా, వీళ్ళిద్దర్నీ తీసుకుపో. నానూ గుంటడూ ఉండిపోతాం" అంది.

ఇన్ని నెలలుగా అచ్చియ్యమ్మ కోరుకున్నది ఇదే. కూతురి చెయ్యి తన చేతిలో ఉంది. ఆ మనిషి దారిలోంచి తప్పుకుంది. ఇక తిరిగి నడవడమే. ఎవరూ తప్పు పట్టరు. ముత్యాలు మాత్రం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

అచ్చియ్యమ్మ నాలుగడుగులు వేసి ఆగింది. కూతురి చెయ్యి రాములమ్మకు ఇచ్చింది. మడిలోకి వంగి ఉప్పునీరు దోసిట పట్టింది. వెనక్కి వచ్చి గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"వాడికి చెయ్యుంది. నేనే అలికేశాను" అంది.

కొటారు మనుషులు, ఊరి ఆడవాళ్ళు, కూతురు, అందరూ వింటుండగా అంది. తరవాత కింది మూల ఉప్పునీటితో రుద్దింది. మోచేతుల దాకా పేడనీళ్ళు కారాయి. ఉప్పుకు వేళ్ళు చిట్లి మండాయి. రుద్దగా రుద్దగా బెల్లపుముక్కంత పసుపు చెయ్యి బయటపడింది. దాలమ్మ పిల్లవాణ్ణి వంచి ఆ గుర్తు మీద చెయ్యి పెట్టించింది. మేస్త్రీ చూశాడు. పక్కకు తప్పుకున్నాడు.

తిరుగుదారిలో ఈ దిబ్బ మీదికి వచ్చాక ఆడవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి గోడను దించారు. మళ్ళీ ఎత్తబోతే లేవలేదు. ఆరుగురు పన్నెండు మంది అయ్యారు. అయినా లేవలేదు. అప్పుడు అచ్చియ్యమ్మకు కలలోని స్త్రీ గుర్తుకు వచ్చింది. ఆ రోజు ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది, తాను ముఖం చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను అనుకుని పసుపు తెప్పించి గోడకు రాసింది. నాటినుంచి ఆ గోడ ఇక్కడే ఉంది. సంగతి దొరగారి దాకా పోయింది. ఈ గోడ మీద చెయ్యి ఉన్నవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చినా వారిని ఎవరూ ముట్టరాదని ఆయన మాట ఇచ్చాడని చెబుతారు.

అచ్చియ్యమ్మ, దాలమ్మ ముందుగోడ లేని ఆ ఇంట్లోనే చాలాకాలం ఉన్నారు. ఎదురుగాలికి తడికె కట్టుకున్నారు. ముత్యాలు జడ గురించి ఆ పిల్ల పెళ్ళి దాకా పోట్లాడుకుంటూనే ఉన్నారట. అచ్చియ్యమ్మకు అసూయ పోలేదు. అలకడం మాత్రం మానేసింది.

ఇప్పుడు ఆచారాలు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. నైవేద్యం చప్పిడి పొంగలి. కొటారులో దిగిన పాదాలను తలుచుకుని అందులో ఉప్పు వెయ్యరు. దిబ్బ మీదికి ఉప్పు పొట్లం కూడా తేకూడదు. ఏడాదికొకసారి కొత్తమావాస్యకు ముందు గోడ అలుకుతారు. చేతులను వదిలి, చేతుల మధ్యనే అలకాలి. అందుకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది.

ఊరు పోయినవాళ్ళు, ఇల్లు విడిచి రావలసి వచ్చిన ఆడవాళ్ళు, ఎవరూ లేని పిల్లలు ఏ రోజు వచ్చినా గోడ మీద చెయ్యి వెయ్యవచ్చు. కులం అడగరు, కారణం అడగరు. ఆ ఏడు వంతున్న ఇంటి ఇల్లాలు పసుపు కలిపి ఇస్తుంది. వేసిన మనిషి ఆ రోజునుంచి ఆ ఇంటి లెక్కలో ఉంటుంది. ఎవరైనా ఆమెను వెతుక్కుంటూ వచ్చి రమ్మంటే, వెళ్ళాలో లేదో ఆమే చెప్పాలి. ఆమె వెళ్ళనంటే ఊరంతా గోడ ముందు నిలబడుతుంది. నా కాపురంలో రెండుసార్లు నిలబడ్డాం. రెండుసార్లూ వచ్చినవాళ్ళే తిరిగి వెళ్ళారు.

ఇంకొకటి ఉంది. ఊరి తల్లులకు అదే కష్టం. పిల్లకు ఆరో ఏడు రాగానే ఇక్కడికి తీసుకువచ్చి, సున్నంలో చెయ్యి ముంచి, మరో ఆడమనిషి వేసిన పసుపు గుర్తులో పెట్టించాలి. ఎవరి గుర్తులో పెట్టాలో పిల్లే చెప్పాలి. తల్లి చెప్పకూడదు. చూడలేని తల్లి ముఖం తిప్పుకోవచ్చు. చెయ్యి మాత్రం అడ్డుపెట్టకూడదు. అలా పెట్టించిన పిల్లలు ఎక్కడ తప్పిపోయినా ఏదో ఒక కొంగు దొరుకుతుందని నమ్మకం. తల్లుల మనసులో మంట ఉన్నా ఫరవాలేదు. అమ్మవారు దాన్ని చూసే ఇక్కడ నిలిచింది.

మా ఇంట్లో గున్నమ్మ ఉంది. ప్రాజెక్టు కింద ఊరు మునిగితే నాలుగేళ్ళ కిందట ఇద్దరు పిల్లలతో వచ్చింది. అప్పుడూ వంతు మాదే, పసుపు కలిపి ఇచ్చింది నేనే. తరవాత ఏడు నా కూతురు హేమను తెచ్చి, ఎవరి చేతిలో పెడతావని అడిగారు. ఊళ్ళో అంతమంది ఉండగా అది గున్నమ్మ చెయ్యి చూపించింది. నేను ముఖం తిప్పుకున్నాను.

తుఫాను రోజు నేను టౌనులో చిక్కుకున్నాను. నీళ్ళు వచ్చేసరికి పిల్లల్ని ముగ్గురినీ షెల్టరుకు తీసుకెళ్ళింది గున్నమ్మే. మూడు రోజులుగా ఫోను లేదు, రోడ్డు లేదు. నిన్న సాయంత్రం గట్టు మీదుగా నడిచి ఊరు చేరాను. షెల్టరులో కొందరికి దెబ్బలు తగిలాయని ఎవరో అన్నారు. ఎవరికో తెలియదన్నారు. ఆ మూడు రోజులూ, హేమ భయపడితే ఎవరిని పట్టుకుని ఉంటుందో నాకు తెలుసు. అది తలుచుకుంటే ధైర్యంగానూ ఉంది, కడుపులో మంటగానూ ఉంది. రెండూ నిజమే.

మధ్యాహ్నం రెండయింది. ఎండ కాస్తోంది. బస్సు వచ్చి సరుగుడు తోట పక్కన ఆగింది. అందరూ దిగుతున్నారు. నేను ఇక్కణ్ణించే చూస్తున్నాను.

గున్నమ్మ, ఒకటి. నుదుటి మీద కట్టు ఉంది, నడుస్తోంది. చంకలో దాని చిన్నది, రెండు. వెనక సంచి పట్టుకుని పెద్దవాడు, మూడు.

గున్నమ్మ కొంగు వెనక ఇంకొక చెయ్యి ఉంది. మనిషి కనిపించడం లేదు. చెయ్యి కనిపిస్తోంది.

నాలుగు.